మిసావా మెడ

"రింగ్‌లోనే ప్రాణం వదిలిన యోధుడు." మిత్సుహరు మిసావా గురించి ఎవరు రాసినా చివరికి ఈ మాట దగ్గరికే వస్తారు. నాకు పేచీ ఈ మాటతోనే. వేషం మీద ఉండగా కుప్పకూలిన నటుడి గురించి "అదృష్టవంతుడు, కళలోనే కలిసిపోయాడు" అనుకునే అలవాటు మనకీ ఉంది. పోయినవాడి మీద గౌరవంలా వినిపిస్తుంది గానీ, ఎందుకు పోయాడన్న ప్రశ్నని అక్కడితో మూసేస్తుంది.

జరిగింది ఇదీ. 2009 జూన్ 13, హిరోషిమా. ట్యాగ్ టైటిల్ మ్యాచ్. అకితోషి సైతో వెనకనుంచి నడుం పట్టి ఎత్తి, తనతో పాటు వెనక్కి పడేశాడు. ప్రతి కార్డులోనూ ఒకటో రెండో కనిపించే మామూలు బ్యాక్‌డ్రాప్. మిసావా లేవలేదు. ఆ రాత్రే పోయాడు. ఇంకో ఐదు రోజులైతే 47 నిండేవి. మెడ దగ్గర వెన్నుపాము దెబ్బతిందని పోలీసులు చెప్పినట్టు పత్రికలు రాశాయి.

ఇక్కడ ఓ గొంతు అడ్డొస్తుంది: "అదంతా ఉత్తుత్తిదే కదా?" డబ్ల్యూడబ్ల్యూఎఫ్ కార్డులతో పెరిగిన మా తరానికి ఇది పాత ప్రశ్నే. గెలుపు ముందే రాసుకుంటారు, నిజమే. పడటం మాత్రం ఎవరూ రాసిపెట్టలేరు. గాల్లోకి లేచినవాడు గడ్డం లోపలికి లాక్కుని, వీపు వెడల్పు మొత్తం మీద దెబ్బని పంచుకుంటాడు. జపాన్‌లో దాన్ని ఉకెమీ అంటారు. మిసావా అందులో మొనగాడు. ఎంత మొనగాడంటే, ప్రత్యర్థులు అతన్ని మరింత ఘోరంగా పడేయడానికి జంకలేదు. నైపుణ్యమే అతన్ని మరింత ప్రమాదంలోకి నెట్టింది.

టైగర్ డ్రైవర్ 91 అని అతనిదే ఒక ఎత్తు ఉంది. అవతలివాడి రెండు చేతులూ వెనక్కి మెలిపెట్టి, తలకిందులుగా మెడ మీదకి దించడం. చేతులు బందీ, కాబట్టి ఉకెమీకి తావే లేదు. 1994 జూన్ 3న బుడోకాన్‌లో కవాడా మీద వాడాడు. ఆ మ్యాచ్‌కి అమెరికన్ జర్నలిస్టు డేవ్ మెల్ట్‌జర్ ఐదు నక్షత్రాలిచ్చాడు. మిసావా ఖాతాలో అలాంటివి ఇరవైకి పైనే. మెల్ట్‌జర్‌ని తప్పుపట్టను, ఆ మ్యాచ్ నిజంగానే గొప్పది. నా కోపం ఆ నక్షత్రాలు పట్టుకుని తిరిగే మనమీద. నిన్నటి ఎత్తుకి ఈరోజు చప్పట్లు రావు, ఇంకో అడుగు పైనుంచి పడాలి. 2003 మార్చి 1న అదే బుడోకాన్‌లో మిసావా, ర్యాంప్ మీదనుంచి కొబాషిని కింద నేలకి విసిరాడు. ఆ కొబాషే లేచి, చివరికి టైటిల్ గెలిచాడు! గొప్ప నాటకీయతే, ఒప్పుకుంటాను. అయితే ఆ నేల మీద పడింది పాత్ర కాదు, కొబాషి.

మరో వాదన: "తనే కంపెనీ ప్రెసిడెంటు. ఎవడు బలవంతపెట్టాడు?" అసలు సంగతి ఇక్కడే ఉంది. 1999లో జెయింట్ బాబా చనిపోయాక ఆల్ జపాన్ కంపెనీకి మిసావా అధ్యక్షుడయ్యాడు. బాబా భార్యతో పొసగలేదు. 2000లో బయటికొచ్చి నోవా పెట్టాడు. జపనీస్ రెజ్లర్లలో కవాడా, ఫుచి తప్ప దాదాపు అందరూ వెంట వచ్చేశారు. అంటే అంతమంది జీతాలు తన నెత్తిన. కుర్రాళ్ళకి పగ్గాలిచ్చే ప్రయత్నాలు చేశాడు, కానీ పోస్టర్ మీద అతని పేరుకున్న గిరాకీ ఇంకెవరికీ రాలేదు. 2006 డిసెంబరులో, 44 ఏళ్ళ వయసులో మారుఫుజి నుంచి టైటిల్ తిరిగి తీసుకుని 2008 మార్చి దాకా మోశాడు. 2009 మార్చిలో నిప్పాన్ టీవీ నోవా ప్రసారాలు ఆపేసింది. మూడు నెలలకి హిరోషిమా.

యజమానీ తనే, సరుకూ తనే. మా ఆఫీసు భాషలో సింగిల్ పాయింట్ ఆఫ్ ఫెయిల్యూర్. అరిగిపోయిన మెడతో ఉన్న ఉద్యోగిని ఇంటికి పంపాల్సిన అధికారి, ఆ ఉద్యోగే అయినప్పుడు సెలవు ఎవరు మంజూరు చేస్తారు? దీన్ని పట్టుకుని యోధధర్మం, సమురాయ్ ఆత్మ అని రాసేవాళ్ళని చూస్తే ఒళ్ళు మండుతుంది. అది లెక్కల పుస్తకం సమస్య. వైద్య పరీక్షల సమస్య. రెజ్లర్‌ని ఆపగలిగే మూడో మనిషి లేకపోవడమనే సమస్య.

ఇంకొకటి. అతని గొప్పతనం తల మీద పడటంలోనే ఉందనుకోవడం చూపు లేకపోవడం. ముంజేత్తో కొట్టే ఆ ఎల్బో, ముఖంలో ఏ భావమూ కనపడనివ్వకుండా హఠాత్తుగా వేగం పెంచడం, అలసటని భుజాల్లో చూపించడం: వీటిలో దేనికీ ఎవరి మెడా విరగక్కర్లేదు.

నమ్మకం లేకపోతే 1990 జూన్ 8 మ్యాచ్ చూడండి. టైగర్ మాస్క్ ముసుగు తీసేసి నెల కూడా కాలేదు. వయసు 27. ఎదురుగా జంబో త్సురుత, అప్పటి ఆల్ జపాన్‌లో కొండలాంటి మనిషి. హాలంతా మిసావా పేరే. చివరికి ఏ భయంకరమైన ఎత్తూ లేదు, మెడ మీద పడేయడాలు లేవు. పెనుగులాటలో బరువు అటూ ఇటూ మారి, కుర్రాడు పైన తేలాడు. మూడు లెక్కపెట్టారు.