పంటా? వంటా? ఒక్క చుక్క చెబుతుంది!

‘‘మా అమ్మాయి మెసేజ్ పెట్టింది. కాస్త చదివి పెట్టు బాబూ!’’

ఇరవై ఏళ్ల కిందట రాజోలు, అమలాపురం చుట్టుపక్కల పల్లెల్లో ఈ మాట తరచూ వినపడేది. కూతురు కువైట్‌లోనో, మస్కట్‌లోనో ఉండేది. అమ్మ చేతిలో ఓ బుల్లి ఫోను. అందులోకి వచ్చేది తెలుగు మాటే. కానీ రాత ఇంగ్లిష్‌ది. తెలుగు పేపరు గడగడా చదివే అమ్మ కూడా, ‘నేను బాగున్నాను’ అన్న కూతురి కబురు కోసం పక్కింటి ఇంటర్ కుర్రాడిని బతిమాలుకోవాల్సి వచ్చేది. ఇక మనసులో మాట రాయాలంటే ఏ కూతురికైనా సంకోచమే కదా!

ఆ ఫోన్లలో తెలుగు ఎందుకు లేదు? కారణాలు చాలానే ఉన్నాయి. అందులో ఒకటి... చుక్కలు చాలకపోవడం. 2000లో వచ్చిన నోకియా 3310 తెర వెడల్పు 84 చుక్కలు, ఎత్తు 48 చుక్కలు. ఈ చుక్కనే పిక్సెల్ అంటారు. ఇంగ్లిష్ పెద్ద అక్షరానికి ఐదు చుక్కల వెడల్పు, ఏడు చుక్కల ఎత్తు సరిపోతుంది. మరి మన ‘స్త్రీ’ని ఆ ఏడు వరసల్లో ఇరికించండి చూద్దాం! పైన గుడిదీర్ఘం, కింద తవత్తు, దాన్ని అంటిపెట్టుకుని రవత్తు... ఎక్కడ పడతాయి?

ఇప్పటి ఫోన్లలో చుక్క కంటికి ఆనదు. తెలుగు చక్కగా కనిపిస్తుంది. విచిత్రమేమిటంటే, చుక్కల బాధ తీరిపోయాక ఆ గళ్ల అక్షరాల మీద మోజు పుట్టింది! వీడియో గేముల పేర్లు, పోస్టర్లు, టీషర్టుల మీద మెట్లు మెట్లుగా ఉండే పాతకాలం కంప్యూటర్ అక్షరాలు మళ్లీ దర్శనమిస్తున్నాయి. వాటిలో ఓ రకానికి ‘సెరిఫ్’ ఉంటుంది. అంటే, గీత చివర ఉండే చిన్న అడ్డుగీత. అక్షరానికి పాదం లాంటిదన్నమాట. లండన్ పత్రిక ‘ద టైమ్స్’ కోసం 1932లో వచ్చిన ‘టైమ్స్ న్యూ రోమన్’లో ఈ పాదాలు చూడొచ్చు.

సిరాతో అచ్చేసేటప్పుడు పాదాన్ని ఎంత సన్నగానైనా దిద్దొచ్చు. గళ్లలో ఆ వీల్లేదు. ఒక గడి నింపాలి, లేదా వదిలేయాలి. నిలువు గీతకు ఒక గడి ఇస్తే పాదానికి మూడు గళ్లు కావాలి. ఇంగ్లిష్ చిన్న ‘ఎమ్’కు మూడు కాళ్లు. అంటే పాదాలకే తొమ్మిది గళ్లు. ఒకదానికొకటి తగలకుండా మధ్యలో ఇంకో రెండు. మొత్తం పదకొండు!

ఈ లెక్కలన్నీ ఓపిగ్గా చూసుకున్న చిత్రకారిణి సుసాన్ కేర్. 1984లో వచ్చిన యాపిల్ మెకింతోష్ కంప్యూటర్‌కు ఆమె గళ్లతోనే అక్షరాలు రూపొందించింది. వాటిలో సెరిఫ్ ఉన్నదానికి ‘న్యూయార్క్’ అని పేరు. మొదట ఆ అక్షరాలకు ఫిలడెల్ఫియా దగ్గరి చిన్న చిన్న రైల్వే స్టేషన్ల పేర్లు పెడితే, స్టీవ్ జాబ్స్ ఒప్పుకోలేదట. ప్రపంచం మెచ్చే మహానగరాల పేర్లు పెట్టమన్నాడట!

ఈ గళ్ల విద్య మన కోనసీమకు కొత్తేమీ కాదు. సంక్రాంతి ముగ్గుకు ముందు పెట్టేవి చుక్కలే కదా. చీర అంచు మీద నెమలి నేయాలంటే ముందు గ్రాఫు కాగితం మీద గళ్లు నింపుకోవడం నేతపనిలో ఉన్నదే. ఒక గడి తప్పితే నెమలి ముక్కు వంకర పోతుంది. ఆ సంగతి బండారులంక నేతగాళ్లకు ఒకరు చెప్పాలా!

మరి తెలుగులో సెరిఫ్ ఏది? చూడటానికి దగ్గరగా కనిపించేది మన తలకట్టు. కానీ రెంటికీ చాలా తేడా ఉంది. ఇంగ్లిష్ అక్షరానికి పాదం తీసేసినా అది అదే అక్షరం. అది అలంకారం, అంతే. మన తలకట్టు అలంకారం కాదు. దాన్ని తీసి గుడి పెడితే ‘క’ కాస్తా ‘కి’ అవుతుంది. ‘ప’కూ తలకట్టుకూ మధ్య సందు ఉంటుంది. గళ్లు చాలక ఆ సందు పూడిందా... ‘పంట’ కాస్తా ‘వంట’! ‘ధ’ పొట్టలో చుక్క పడితే ‘థ’!

అందుకే ఇంగ్లిష్ గళ్ల అక్షరాలను చూసి ముచ్చటపడి తెలుగులోనూ చేద్దామనుకునే కుర్రకారుకు ఒక మాట. సోకు కోసం తలకట్టును కోసేయకండి. వత్తులకు కింద చోటు వదలండి. ఇలాంటి అక్షరాలు పెద్ద పేర్లకే అందం, పేజీల కొద్దీ చదవాలంటే కళ్లకు శ్రమ. పెంచేటప్పుడు కూడా రెట్టింపు, మూడు రెట్లు... అలా పూర్తి రెట్లే పెంచాలి. పదహారు గళ్లదాన్ని ఇరవైకి సాగదీస్తే కొన్ని గళ్లు ఉబ్బుతాయి, లేదా అంచులు మసకబారతాయి.

ఈ ఆదివారం మీ పిల్లల లెక్కల గ్రాఫు పుస్తకం తీయండి. పదహారు గళ్ల ఎత్తులో ‘పంట’ అని రాయించండి. దాన్ని నాయనమ్మకో, అమ్మమ్మకో చూపించి ఏమిటని అడగండి. ‘వంట’ అన్నారా... తప్పు ఆవిడ కళ్లజోడుది కాదు. రబ్బరు తీసుకుని ఒక్క గడి చెరపండి, చాలు!