అచ్చుల ‘అచ్చిండు’ బతుకుతడా?

మన దగ్గర నవల రాసేటోళ్లు పెరిగిన్రు. 2009 డిసెంబర్ రాత్రులు యూనివర్సిటీ హాస్టళ్లల్ల గడిపిన పిలగాండ్లు, 2011 సకల జనుల సమ్మెల 42 రోజులు పని బందువెట్టిన ఉద్యోగులు ఇయ్యాల ఆ బతుకును కథ జేస్తున్నరు. సంతోషమే. రాసుడు అయిపోయి పబ్లిషర్‌కు పంపేముందు జేసే పని కాడనే మాకు పంచాయితీ ఉన్నది.

నూటయాభై పేజీలు ఇంటి భాషల రాస్తరు. పంపే దినం దగ్గరవడంగనే బుగులు పడ్తది. ‘చదివే సారు ఏమనుకుంటడో’ అని ‘వచ్చిండు’ను ‘వచ్చాడు’ జేస్తరు. అవ్వ నోట్లె ‘పరేషాన్’ తీసి ‘ఆందోళన’ పెడ్తరు. సగం మార్చినంక యాష్టకొచ్చి మిగిలింది అట్లనే ఇడిసిపెడ్తరు. మార్చుమని ఎవలడిగిన్రు? 2014 జూన్ 2న రాష్ట్రమొచ్చింది గని, మన మెదట్ల కూసున్న తెలుగు వాచకం పంతులు ఇంక దిగిపోలే. దాశరథి రంగాచార్య ‘చిల్లర దేవుళ్లు’ల తెలంగాణ మాట మాట్లాడిపిచ్చి యాభై ఏండ్లు దాటింది. వట్టికోట ఆళ్వారుస్వామి 1938లనే దేశోద్ధారక గ్రంథమాల పెట్టి పుస్తకాలేసిండు. ఇది మనం కొత్తగ తీసే తొవ్వ కాదు.

అట్లని నెపమంత పబ్లిషర్ మీద ఏస్తే నడవది. ఒక పేజీల ‘అచ్చిండు’, ఇంకో పేజీల ‘వచ్చిండు’, మూడో తాన ‘వచ్చాడు’ ఉంటే ప్రూఫులు దిద్దేటాయన ఏం జేయాలె? ఏది మాటనో, ఏది టైపు తప్పో ఆయనకెట్ల ఎరుక? కరీంనగర్ దిక్కు ‘అచ్చిండు’ అంటరు, నల్లగొండ దిక్కు ‘వచ్చిండు’ అంటరు. రెండూ మనయే. మీ పాత్రది ఏ ఊరు? కథ జెప్పే గొంతుది ఏ భాష? ముందుగాల ఇవి తేల్చుకోవాలె. కథనం గూడ ఇంటి భాషల్నే ఉండాలన్నది మా పట్టు. పాత్రలు పల్లెల మాట్లాడంగ, చెప్పేటోడు గ్రాంథికం పంతులు లెక్క నిలవడితే, ఆళ్లు నుమాయిష్‌ల పెట్టిన బొమ్మలైతరు. మీకు వేరే తీరు నచ్చితే నచ్చనీయున్రి, మొదటి పేజీ కాన్నుంచి ఆఖరు దాంక అదే నడవాలె.

రాతప్రతితోని ఒక కాగితం జతజేయున్రి. మాటల పట్టీ. అర్థాలు కాదు, రాసే తీరు. ‘ఎవలు’, ‘గిట్ల’, ‘అచ్చిండు’ అని వరుసగ రాసి, ‘ఇవి తప్పులు కావు, దిద్దొద్దు’ అని పైన రాయున్రి. పట్టీ తయారుజేస్తుంటెనే మీ సొంత తప్పులు గూడ బయటవడ్తయి. ఐదో అధ్యాయంల రాజవ్వ పన్నెండోదాంట్ల రాజమ్మ అయి ఉంటది. వానకాలంల యాసంగి కోతలు నడుస్తుంటయి. వీటిని యాస కింద దాసిపెట్టొద్దు. బద్ధకాన్ని యాస పేరు మీద అమ్ముకుంటే చెడ్డపేరు భాషకొస్తది. (బ్రాకెట్లల్ల అర్థాలిచ్చుడు గూడ బంద్ జేయున్రి. ‘తొవ్వ’ అంటే ఏందో ఆ వాక్యమే చెప్పాలె.)

ఊరికి పోయినప్పుడు రెండు అధ్యాయాలు అమ్మకో చిన్నాయినకో చదివి వినిపియ్యున్రి. ఏడ మాట అతుకుతలేదో ఆళ్ల మొకంలనే తెలుస్తది.

ఫైలు సంగతి జెర పైలం. యూనికోడ్‌ల టైపుజేసి వర్డ్, పీడీఎఫ్ రెండూ పంపున్రి. అను ఫాంట్‌ల కొట్టింది ఆ ఫాంట్ లేని కంప్యూటర్ల తెరిస్తే అన్నీ పిచ్చి గీతలే.

అచ్చేస్తమంటే ఒప్పందం కాగితం మీదనే ఉండాలె. హక్కులు ఎన్నేండ్లకు ఇస్తున్నరో రాయకుంటే కాపీరైట్ చట్టం 5 ఏండ్లని లెక్కగడ్తది. అనువాదం, సినిమా హక్కులు ఎవలియో అండ్లనే రాయిచ్చుకోవాలె. రచయితను అడగకుంట మాట మార్చొద్దన్న షరతు ఉన్నదా, చూడున్రి. లేకుంటే పెట్టిపిచ్చినంకనే సంతకం. ప్రూఫులు చేతికొచ్చిన నాడు మాటల పట్టీ పక్కన పెట్టుకొని కూసోవాలె, ‘అచ్చిండు’ ఉన్నడో, పోయిండో చూసుకోవాలె.