ఆయిలు మనమే మార్చుకోవచ్చు, కాలిన ఆయిలు ఎక్కడ పోస్తున్నామో చూసుకోవాలి

మిర్చి కోతలు అయిపోయి కాస్త తీరిక దొరికింది. మొన్న ఆదివారం ఇంటి దగ్గరే మా కారుకి ఆయిలు మారుస్తుంటే ఎదురింటి కుర్రాడు వచ్చి, "బాబాయ్, షెడ్డులో ఇస్తే అరగంటలో చేసి పెడతారు కదా, ఈ వయసులో బండి కింద దూరటం ఎందుకు?" అన్నాడు. వాడికి అప్పుడు సగమే చెప్పా. మిగతా సగం ఇక్కడ రాస్తున్నా. కొంచెం పెద్దదే, ఓపికగా చదవండి.

మాది 2012 మోడల్ చిన్న పెట్రోలు కారు. సెకండ్ హ్యాండ్‌లో కొన్నా. షోకు కోసం కాదు. మా అమ్మని నెలనెలా గుంటూరు ఆసుపత్రికి తీసుకెళ్ళాలి. రాత్రిపూట ఆయాసం వస్తే ఆటో కోసం ఊరంతా తిరిగే పని లేకుండా ఉండాలని కొన్నా. అంటే ఆ బండి ఏ రాత్రి తాళం తిప్పినా స్టార్ట్ కావాలి.

మొదట్లో నేనూ షెడ్డుకే ఇచ్చేవాణ్ణి. ఒకసారి ఆయిలు, ఫిల్టరు రెండూ మార్చామని బిల్లు ఇచ్చారు. పది రోజులకి బానెట్ ఎత్తి చూస్తే, అంతకు ముందు ఏడాది ఫిల్టరు మీద నేను మార్కర్ పెన్నుతో రాసిన తేదీ అట్టాగే ఉంది. పాత ఫిల్టరుకే కొత్త డబ్బులు కట్టానన్నమాట. మెకానిక్‌లందరూ అట్టా ఉంటారని నేననను. మా ట్రాక్టరు చూసే అతను బంగారం లాంటి మనిషి. కానీ ఆ రోజు నాకు ఒకటి అర్థమైంది. విత్తనం ప్యాకెట్ మీద లాట్ నంబరు చూసుకుని కొనే మనం, బండిలో ఏ ఆయిలు పోస్తున్నారో మాత్రం ఎప్పుడూ చూడం.

అసలు ఆయిలు ఎందుకు మార్చాలి? ఇంజన్ లోపల ఇనుము ఇనుముతో రాసుకోకుండా మధ్యలో పొరలా ఉండేది ఆయిలే. వేడిని మోసుకుపోయేదీ, మసిని, ఇనప రజనుని తనలో కలుపుకునేదీ అదే. వాడే కొద్దీ దాంట్లో కలిపిన మందులు అరిగిపోతాయి, మసి నిండుతుంది. చాలా చిన్న పెట్రోలు కార్లకి 10,000 కిలోమీటర్లు లేదా ఏడాది, ఏది ముందయితే అది, అని బండి పుస్తకంలో ఉంటుంది. మన బండి ఏడాదికి నాలుగు వేలే తిరుగుతుందిలే అని మూడేళ్ళు లాగటం తప్పు. దగ్గర దగ్గర తిరుగుళ్ళలో ఇంజన్ సరిగా వేడెక్కక ఆయిల్లో చెమ్మ మిగిలిపోతుంది.

ఇంకో అపోహ ఉంది. చిక్కటి ఆయిలు పోస్తే ఇంజన్‌కి బలం అని మనోళ్ళ నమ్మకం. ట్రాక్టరుకి తెచ్చిన 20W-40 మిగిలితే కార్లో పోసేస్తారు. కారు పుస్తకంలో 5W-30 అని ఉంటే అదే పోయాలి. W ముందున్న అంకె చల్లగా ఉన్నప్పుడు ఎంత సులువుగా పారుతుందో చెబుతుంది, వెనకది వేడి మీద ఎంత చిక్కగా ఉంటుందో చెబుతుంది. అట్టాగే కారు ఆయిలు మోటారు సైకిల్లో పోయకండి. చాలా బైకుల్లో క్లచ్ కూడా అదే ఆయిల్లో మునిగి ఉంటుంది, కారు ఆయిలు పోస్తే క్లచ్ జారే ప్రమాదం ఉంది. బైకు డబ్బా మీద జేఏఎస్ఓ ఎంఏ లేదా ఎంఏ2 అని చూసి కొనాలి.

ఇక పని. నేను చేసేది ఇదీ. బండిని ఐదు నిమిషాలు స్టార్ట్ చేసి ఉంచుతా, ఆయిలు పలచబడుతుంది. ఆపి కాసేపు ఆగుతా, చేతులు కాలకుండా. చదునైన నేల, హ్యాండ్ బ్రేకు, గేరులో బండి, వెనక చక్రాలకి ముందూ వెనకా రాళ్ళు. ముందు భాగం లేపాక కింద గట్టి స్టాండ్లు. ఉత్త జాకీ మీద నిలబెట్టి కింద దూరితే అది సాహసం కాదు, బుద్ధి తక్కువ. జాకీ ఎప్పుడు జారుతుందో జాకీకే తెలీదు.

పైన మూత తీసి, కింద టబ్బు పెట్టి, చాంబరు నట్టు ఇప్పుతా. ఇక్కడ జాగ్రత్త. కొన్ని బళ్ళకి పక్కనే గేరు బాక్సు నట్టు కూడా ఉంటుంది. తెలీక అది ఇప్పితే గేరాయిలు పోతుంది, ఇంజన్‌లో ఆయిలు డబుల్ అవుతుంది. ఆయిలు చుక్కలు చుక్కలుగా పడేదాకా ఆగి, కొత్త వాషరు వేసి నట్టు బిగిస్తా. బలం ఉంది కదా అని పానా మీద ఎక్కి తొక్కకూడదు, మరలు పోతే చాంబరే మార్చాలి. కొత్త ఫిల్టరు రబ్బరుకి కాస్త ఆయిలు రాసి చేత్తో బిగిస్తా. తర్వాత ఫిల్టరు మీద రాసినంత మేర తిప్పుతా. ఆయిలు ఒకేసారి పోసేయకుండా కొంచెం తక్కువ పోసి, పుల్ల తీసి చూసుకుంటూ రెండు గీతల మధ్యకి తెస్తా. ఎక్కువ పోసినా చేటే, లోపల క్రాంకు చిలికి నురగ చేస్తుంది. స్టార్ట్ చేస్తే ఎర్ర ఆయిలు లైటు కొద్ది సెకన్లలో ఆరిపోవాలి. ఆరకపోతే వెంటనే ఆపేయాలి.

మొదటిసారి నేను చేసిన ఘనకార్యం కూడా చెప్పాలి. పాత ఫిల్టరు ఊడింది గానీ దాని రబ్బరు ఇంజన్‌కే అతుక్కుని ఉండిపోయింది. నేను చూడలేదు. దాని మీదే కొత్త రబ్బరు పడింది. స్టార్ట్ చేసిన నిమిషంలో లీటరు ఆయిలు నేల మీద. మా ఆవిడ అరవబట్టి ఆపాను, లేకపోతే ఇంజన్ పట్టేసేది. అప్పట్నుంచీ పాత ఫిల్టరు చేతిలోకి రాగానే ముందు దాని రబ్బరు ఉందో లేదో చూస్తా.

డబ్బు లెక్క కూడా నిజం చెప్పుకుందాం. మొన్న ఆయిలు, ఫిల్టరు, వాషరు కలిపి నాకు 1,800 అయింది. షెడ్డులో అయితే 2,400 అడిగారు. మిగిలింది 600. ఏడాదికి ఒకసారి. దీంతో ఎవరూ ఎకరం కొనరు. కంపెనీ వారంటీ ఉన్న కొత్త బండి అయితే ఇంట్లో చేయొద్దనే చెబుతా, రేపు ఏదన్నా తేడా వస్తే సర్వీసు రికార్డు అడుగుతారు. నాకు దక్కిన లాభం డబ్బు కాదు. లోపల ఏముందో నాకు తెలుసు. ఏడాదికోసారి కింద పడుకుని చూస్తా కాబట్టి ఎక్కడ కారుతోంది, ఏ రబ్బరు పగిలింది ముందే కనపడుతుంది.

ఇప్పుడు అసలు విషయానికి వస్తా. దీని కోసమే ఈ పోస్టు.

ఇరవై ఏళ్ళుగా మా ట్రాక్టరు కాలిన ఆయిలు నేను షెడ్డు వెనక గోడ వారన పోశాను. చెదలు రావు అనేవాళ్ళు పెద్దలు, నేనూ అనుకున్నా. అక్కడ ఇప్పటికీ గడ్డిపోచ మొలవదు. దాని గురించి కూడా ఎప్పుడూ ఆలోచించలేదు. మూడేళ్ళ కింద పెద్ద వాన పడ్డాక మా ఆవిడ పిలిచింది. "ఏవయ్యా, గేదెలు ఈ కుంటలో నీళ్ళు మూతి పెట్టి వదిలేస్తున్నాయి, చూడు" అంది. నీళ్ళ మీద ఇంద్రధనుస్సు లాగా రంగుల తెర. అక్కడికి పదడుగుల్లో మా తాగే నీళ్ళ బోరు. గేదెకి తెలిసింది నాకు తెలీలేదు. నిజంగా సిగ్గేసింది.

ఒక్క కారు నుంచి తీసిన కాలిన ఆయిలు పది లక్షల గ్యాలన్ల మంచినీళ్ళని పాడు చేయగలదని అమెరికా పర్యావరణ సంస్థ చెబుతుంది. మన లెక్కలో 38 లక్షల లీటర్లు. అందులో ఇంజన్ అరిగిన లోహాల రజను, మసి, మందుల మిగుళ్ళు ఉంటాయి. దీన్నే మనోళ్ళు గేదెలకి గజ్జి వస్తే ఒంటికి రాస్తారు, గేదె ఆ ఒళ్ళే నాకుతుంది. పొయ్యిలో కట్టెల మీద పోస్తారు, ఆ పొగ పీల్చేది ఇంట్లో ఆడవాళ్ళు. "మున్సిపాలిటీ వాళ్ళే దోమలకి కాలవల్లో ఆయిలు ఉండలు వేస్తారు కదా" అంటారు కొందరు. వాళ్ళు వేశారని మన తాగునీటి పక్కన పోసుకుంటామా?

మా ఊళ్ళో ట్రాక్టర్లు నలభై దాకా ఉన్నాయి. ఒక్కోదానికి ఏడు లీటర్లు, ఏడాదికి రెండుసార్లు మారిస్తే 560 లీటర్లు. కార్లు, బైకులు, డీజిల్ ఇంజన్లు వేరే. ఇదంతా ఎటు పోతోంది? గట్ల మీదకి, కాలవల్లోకి.

చట్టం లేక కాదు. 2016 నిబంధనల్లోనే కాలిన ఆయిలు ప్రమాదకర వ్యర్థాల కింద ఉంది. 2024 ఏప్రిల్ 1 నుంచి ఆయిలు తయారు చేసి అమ్మే కంపెనీల మీదే దాన్ని వెనక్కి సేకరించి శుద్ధి చేయించే బాధ్యత కూడా పెట్టారు. కానీ డబ్బా అమ్మటానికి మా ఊరి దాకా వచ్చిన కంపెనీ, కాలిన ఆయిలు తీసుకోవటానికి మాత్రం రాలేదు.

అందుకే నా మాట ఇది. సొసైటీ గోడౌను దగ్గర, కప్పు కింద, మూత గట్టిగా ఉన్న ఒక డ్రమ్ము పెడదాం. నిండాక అనుమతి ఉన్న రీసైక్లింగ్ వాళ్ళకి ఇద్దాం. నీళ్ళు, పురుగు మందులు అందులో కలపకూడదు, కలిపితే వాళ్ళు తీసుకోరు. అది అయ్యేదాకా నేను పాత డబ్బాల్లోనే పట్టి, ఫిల్టరు కూడా బోర్లించి ఆయిలు కార్చి, మా ట్రాక్టరు మెకానిక్ డ్రమ్ములో పోసి వస్తున్నా. పనికిరాని ఖాళీ డబ్బాలు మాత్రం కత్తితో కోసే పారేస్తున్నా, లేకపోతే వాటిలోనే నకిలీ ఆయిలు నింపి మనకే అమ్ముతారు.

ఎదురింటి కుర్రాడికి ఇదంతా చెప్పాక, "అయితే నేనూ నేర్చుకుంటా బాబాయ్" అన్నాడు. నేర్చుకో, కానీ ముందు కాలిన ఆయిలు ఎక్కడ పోస్తావో చెప్పి తర్వాత పానా పట్టుకో అన్నా. మీకూ అదే చెబుతున్నా. ఆ చోటు చూసుకోలేకపోతే షెడ్డుకే ఇవ్వండి, పక్కన నిలబడి చేయించుకోండి, అందులో తప్పేం లేదు.

డ్రమ్ము సంగతి వచ్చే సొసైటీ మీటింగులో అడుగుతా. మా ఊరి వాళ్ళు రండి, నాతో పాటు మీరూ ఒక మాట అనండి. వేరే ఊళ్ళ వాళ్ళు మీ దగ్గర ఏం చేస్తున్నారో రాయండి.