నిలబడిన మొక్కంతా పంట కాదు!

నీరు దిగిపోయింది, పత్తి మొక్క నిలబడే ఉంది కాబట్టి నష్టం లేదని రాసుకుపోతే ఒప్పుకునేది లేదు. నల్లరేగడిలో నీరు నిలిస్తే వేరుకు గాలి ఆడదు. ఊపిరాడని వేరు నీటిని, నత్రజనిని పైకి పంపలేదు. ఆకు రంధ్రాలు మూసుకుంటాయి, పత్రహరితం తగ్గి ఆకు పసుపుబారుతుంది, కిరణజన్య సంయోగక్రియ కుంటుపడుతుంది. తిండి తయారుకాని మొక్క గూడ, పూత, పిందె రాల్చేస్తుంది. అసలు నష్టం బయటపడేది పత్తి తీసేనాడే!

33 శాతం నష్టం ఉంటేనే పెట్టుబడి రాయితీ అంటూ ఒక్క చూపుతో లెక్క తేల్చడం రైతు నోట్లో మట్టి కొట్టడమే. నీరు ఇంకిన రెండు వారాలకు మళ్లీ లెక్కించాలి. కౌలు రైతు పేరూ రాయాలి. వానలకు ముందే మురుగు కాలువల పూడిక తీయాలి. ఊరూరా గ్రామసభలో నిలదీద్దాం, తీర్మానం రాయిద్దాం!