ఉత్తమ పురుషలో పొడుపుకథ

'ఫస్ట్ పర్సన్ పజిల్ గేమ్' అనే మాటను కొందరు 'ప్రథమ పురుష చిక్కుముడుల ఆట' అని తెలిగిస్తున్నారు. చదువరులు మన్నించాలి, ముప్పై ఏళ్ళు వ్యాకరణం చెప్పిన నోరు ఊరుకోదు. మనకు ప్రథమ పురుష అంటే 'వాడు, ఆమె, అది'. 'నేను' అన్నది ఉత్తమ పురుష. ఇది వట్టి మాటల తగువే అయితే ఇంత దూరం రాను. ఈ తరహా ఆటలో కథానాయకుడు తెరమీద కనబడడు. ఆడేవాని చూపే చూపు, ఆడేవాని అడుగే అడుగు. కనుక అందులో కలిగే ప్రతి తెలివిడికీ కర్త 'నేను' కావాలి. ఆ 'నేను'ను తుడిచివేయమనే సలహాలే ఒంటరిగా ఆట కట్టుకునే యువకులకు నేడు నలుదిక్కులా అందుతున్నాయి. నా పోరు ఆ సలహాలతో.

మా బంధువుల అబ్బాయి ఒకడు హైదరాబాదులో పగలు ఉద్యోగం చేసుకుంటూ, రాత్రిళ్ళు యూనిటీ అనే సాధనంతో ఇటువంటి ఆట ఒకటి కడుతున్నాడు. ఉన్నవి నాలుగు గదులు. రంగులు లేవు, సంగీతం లేదు, అన్నీ బూడిదరంగు దిమ్మెలే. దీనిని ప్రోటోటైపు అంటారు. 'నమూనా' అనే అనువాదం నాకు రుచించదు. నమూనా అంటే తయారైన సరుకులో చిటికెడు. ఇది చిత్తుప్రతి, కొట్టివేతలకు సిద్ధపడి ఉన్న ప్రతి. మూడవ గదిలో ఒక తలుపు ఉంది. దానిని చూస్తూ నడిస్తే మూసుకుంటుంది. గణితం బోధించి విరమించిన మా మిత్రుడొకరు దాని ముందు ఇరవై నిమిషాలు తంటాలు పడ్డారు. విసిగి వెనుదిరిగేసరికి తలుపు కిర్రుమన్నది. క్షణం ఆగి, అటే ముఖం పెట్టుకుని వెనక్కి వెనక్కి నడిచారు. గడప దాటాక పగలబడి నవ్వారు.

తరువాత, ఆటల పరిశ్రమలో అనుభవం గల పెద్దమనిషి ఒకరు చెప్పారని, ఆ గదిలో వెనక్కి నడవమని సూచించే బాణం గుర్తు పెట్టారు. ఆపైన ఆడినవారందరూ అరనిమిషంలో దాటారు. ఒక్కరూ నవ్వలేదు.

ఆ బాణం మధ్యమ పురుష. 'నీవు ఇటు నడువుము' అంటుంది. అవధాన సభలో పృచ్ఛకుడు అసంబద్ధంగా తోచే పాదాన్ని సమస్యగా ఇచ్చి, వెంటనే పూరణ కూడా చెవిలో ఊదితే సభికులు ఎంతసేపు కూర్చుంటారు?

ఆస్ట్రేలియావాసి అలెగ్జాండర్ బ్రూస్ కట్టిన 'యాంటీఛాంబర్' 2013 జనవరిలో వెలువడింది. అందులో ఒకచోట రెండు మెట్ల వరుసలు ఎదురవుతాయి. ఒకటి పైకి, ఒకటి క్రిందికి. ఏది ఎక్కినా, ఏది దిగినా మళ్ళీ అక్కడికే వస్తాము. వచ్చిన దారినే వెనుదిరిగితే తప్ప కొత్త చోటు కనబడదు. అక్కడొక బాణం ఉంటే ఆ రచన మొత్తం అరటిపండు ఒలిచినట్టే గదా! జొనాథన్ బ్లో సారథ్యంలో ఒక చిన్న బృందం చేసిన 'ది విట్‌నెస్' 2016లో వచ్చింది. 500కు పైగా చిక్కుముడులు. వాటి నియమాలను మాటల్లో ఎక్కడా చెప్పరు. తేలిక పలక తరువాత కొంచెం కఠినమైన పలక, అదే పాఠం. మంచి వాచకం కూడా ఇంతే. మనమే దాని పక్కన గైడు పెట్టి వాచకాన్ని అనాథను చేశాము.

'ఆడేవారికి ఓపిక లేదు, ముందు బొమ్మలకు మెరుగులు దిద్దు' అన్నది రెండవ హితబోధ. విలియం చిర్ 2012లో మొదలుపెట్టిన 'మానిఫోల్డ్ గార్డెన్' 2019కి గాని బయటికి రాలేదు. ఆరు దిక్కులలో ఏ దిక్కైనా నేల కాగల లోకం అది. అంచునుండి పడితే తిరిగి అదే కట్టడం మీదికి చేరతాము. చూడముచ్చటైన ఆట, సందేహం లేదు. అయితే ఆ ముచ్చట నియమం నుండి పుట్టింది, పైపూత నుండి కాదు. దిమ్మెలతో ఆడినప్పుడు పట్టి నిలపని గది పాలరాతితోనూ నిలపదు. పైగా రంగులు వేశాక గదిని కూలగొట్టడానికి చేయి రాదు. ఒంటరివాడికి అది మరీ ప్రమాదం. 'ఇది తీసేయవోయ్' అనే సహచరుడు పక్కన ఉండడు.

అసలు ఒంటరి రచయితకున్న పెద్ద కష్టం వేరే. పొడుపుకథ కట్టినవాడు దానిని తాను విప్పలేడు, విడుపు ముందే తెలుసు గనుక. కాబట్టి పరుల చేత ఆడించాలి, తాను వెనుక కూర్చుని నోరు కట్టుకోవాలి. పదిమందీ ఒకేచోట చిక్కుకుపోతే దోషం గదిదే. అక్కడ మొండితనం పనికిరాదు. అప్పుడు దిద్దవలసినది గదిని. తలుపు కిర్రుమనే చప్పుడు చాలకపోతే పెంచు, దానికి ముందు మరొక తేలిక గది కట్టు. పద్యం బాగా కుదరలేదని దాని క్రింద టీకాతాత్పర్యాలు తగిలించేవాణ్ణి కవి అంటామా?

ఇప్పుడు నాలుగవ గదికీ ఒక బాణం కావాలంటున్నారట ఆ పెద్దమనిషి. ఆ గది నాకింకా లొంగలేదు, రెండు సాయంత్రాలు గడిచాయి. దయచేసి ఎవరూ చెప్పవద్దు.