విషం అనకండి, పేరు చెప్పండి

తెలుగులో పర్యావరణం మీద వచ్చే కవితలూ కథలూ చదువుతుంటే ఒక మాట దగ్గర నాకు చిరాకు మొదలవుతుంది. ఆ మాట "విషం". గాలి విషం, నీళ్ళు విషం, నేల విషం, ఆఖరికి అమ్మపాలు కూడా విషం. ఏ విషం? ఎంత? ఎవరు కలిపారు, ఏ పైపులోంచి వచ్చింది? ఒక్కదానికీ జవాబుండదు. చదివినవాళ్ళు ఒక నిట్టూర్పు విడిచి, ఒక లైకు కొట్టి, కిందికి జరిగిపోతారు. నా వాదనేంటో ముందే చెప్పేస్తాను. పేరు పెట్టకుండా విషం గురించి రాసిన ప్రతి వాక్యమూ ఆ విషం కలిపినవాడికి చేసిన సాయమే. వాడు కోరుకునేది కూడా అదే కదా, పేరు బయటికి రాకపోవడం.

ఊరికే అనడం లేదు. పేరు దాచుకోవడం మీద ఒక పరిశ్రమ ఎలా బతుకుతుందో తెలియాలంటే ఫ్రాకింగ్ ద్రవాల సంగతి చూడాలి. ఆ కథ మన కూరగాయల సంచీలోంచే మొదలవుతుంది.

మా సిద్దిపేటలో గోకరకాయ అంటాం, కోస్తావాళ్ళు గోరుచిక్కుడు అంటారు. రైతుబజారులో కుప్పపోసి అమ్మే ఈ కాయకీ, అమెరికాలో టెక్సస్ నేల కింద రాళ్ళు చీల్చి గ్యాసు తీసే పనికీ చుట్టరికం ఉంది. గోకర గింజ లోపలి పొరని పిండి చేస్తే గువార్ గమ్ అనే జిగురు వస్తుంది. నీళ్ళలో కొంచెం వేస్తే చాలు, గంజిలా చిక్కబడతాయి. ఫ్రాకింగ్ అంటే నేల లోపల కిలోమీటర్ల లోతున ఉన్న షేల్ అనే రాతిపొరలోకి బావి తవ్వి, విపరీతమైన ఒత్తిడితో నీళ్ళూ ఇసుకా పంపి, ఆ రాయిని పగలగొట్టడం. ఉత్త నీళ్ళయితే ఇసుక అడుక్కి దిగిపోతుంది. గంజి నీళ్ళయితే ఇసుకని మోసుకుంటూ పగుళ్ళ చివరిదాకా పోతాయి. ఒత్తిడి తీసేశాక పగులు మళ్ళీ మూసుకోకుండా ఆ ఇసుక రేణువులు అడ్డం నిలబడతాయి. ఆ సందుల్లోంచి గ్యాసు పైకొస్తుంది.

ప్రపంచంలో గోకర గింజలు ఎక్కువగా పండేది మన దేశంలోనే, అందులోనూ రాజస్థాన్‌లో. అమెరికాలో ఫ్రాకింగ్ ఊపందుకునేసరికి ఇక్కడ క్వింటాలు గింజల ధర 30 వేల రూపాయల దాకా ఎగబాకింది. 2012 మార్చిలో ఫార్వర్డ్ మార్కెట్స్ కమిషన్ ఈ గింజల వాయిదా వ్యాపారాన్నే ఆపేయాల్సి వచ్చింది. 2012-13లో గువార్ గమ్ ఎగుమతుల విలువ 21 వేల కోట్ల రూపాయలు దాటింది. ఆ తర్వాత ధర కుప్పకూలింది. పండించిన రైతుకి ధర పెరగడం తెలుసు, పడిపోవడం తెలుసు. తన గింజల గంజిలో ఇంకేమేం కలుస్తాయో మాత్రం అతనికి ఎవరూ చెప్పలేదు.

ఏం కలుస్తాయో చూద్దాం. గువార్ తిండి పదార్థం కాబట్టి బాక్టీరియా దాన్ని తినేస్తుంది. తినకుండా ఉండాలంటే బాక్టీరియాని చంపాలి. అందుకు గ్లుటరాల్డిహైడ్ వాడతారు. ఆస్పత్రుల్లో ఎండోస్కోపు పరికరాల్ని శుభ్రం చేసేది దానితోనే. గంజి ఇంకా గట్టిపడి జెల్లీ కావడానికి బోరేట్ లవణాలు. పని అయ్యాక ఆ జెల్లీని మళ్ళీ పలచబరచడానికి అమోనియం పర్‌సల్ఫేట్. బావి గోడల్లో పేరుకున్నదాన్ని కరిగించడానికి హైడ్రోక్లోరిక్ ఆమ్లం. పైపుల్లో రాపిడి తగ్గించడానికి పాలీఅక్రిలమైడ్. పైపుల లోపల గార పట్టకుండా ఇథిలీన్ గ్లైకాల్, కారు రేడియేటర్లో పోసే కూలెంట్‌లో ఉండేది. ఇంకా 2-బ్యూటాక్సీఇథనాల్, మిథనాల్. అన్నీ ప్రతి బావిలోనూ వాడరు. రాయిని బట్టి, కంపెనీని బట్టి వంట మారుతుంది. ప్రతి బావికీ దాని జాబితా దానికి విడిగా ఉండాలని అడిగేది అందుకే.

ఇక్కడ కంపెనీల దగ్గర ఒక తయారు జవాబు ఉంటుంది: "ఇందులో 99.5 శాతం నీళ్ళూ ఇసుకే." లెక్క వేద్దాం. ఒక బావికి కోటిన్నర లీటర్ల ద్రవం అనుకుంటే, మిగిలిన అర శాతం 75 వేల లీటర్లు. పదిహేను వేల లీటర్ల ట్యాంకర్లు ఐదు. శాతంలో చెప్తే చిటికెడు ఉప్పులా వినిపిస్తుంది, లీటర్లలో చెప్తే గుండె జారుతుంది. అబద్ధం ఒక్కటీ ఆడకుండా దాచడం అంటే ఇదే.

2005లో అమెరికా తెచ్చిన ఎనర్జీ పాలసీ చట్టం, డీజిల్ తప్ప మిగతా ఫ్రాకింగ్ ద్రవాలకి తాగునీటి రక్షణ చట్టం నుంచి మినహాయింపు ఇచ్చింది. దీనికి అక్కడివాళ్ళు పెట్టిన పేరు "హాలిబర్టన్ సందు". అప్పటి ఉపాధ్యక్షుడు డిక్ చెనీ అంతకుముందు ఆ కంపెనీ అధిపతి. 2011లో అమెరికా ప్రతినిధుల సభ కమిటీలోని డెమొక్రాట్లు ఒక నివేదిక విడుదల చేశారు. 2005 నుంచి 2009 వరకు 14 కంపెనీలు 2,500కి పైగా ఉత్పత్తులు వాడాయి, వాటిలో 750 పదార్థాలు ఉన్నాయి. ఉప్పు, సిట్రిక్ ఆమ్లం, ఇన్‌స్టంట్ కాఫీ, వాల్‌నట్ పెంకులు ఉన్నాయి. బెంజీన్, సీసం కూడా ఉన్నాయి. 279 ఉత్పత్తుల్లో కనీసం ఒక్క పదార్థాన్నైనా "వ్యాపార రహస్యం" అన్నారు. అన్నిటికంటే ఘోరం ఏంటంటే, కొన్ని కంపెనీలు వేరేవాళ్ళ దగ్గర సరుకు కొని నేలలోకి పంపాయి. అందులో ఏముందో వాళ్ళకే తెలియదు.

నేను సాఫ్ట్‌వేర్ పని చేస్తాను. 2021 డిసెంబర్లో లాగ్‌ఫోర్‌జే అనే చిన్న లైబ్రరీలో లోపం బయటపడ్డప్పుడు ప్రపంచంలోని ఇంజనీర్లందరూ ఒకటే ప్రశ్నతో రాత్రులు గడిపారు: మన ప్రోగ్రాంలో అది ఉందా, లేదా? జాబితా ఉన్నవాళ్ళు గంటల్లో తేల్చుకున్నారు, లేనివాళ్ళు వారాలు తవ్వుకున్నారు. అప్పట్నుంచి మేం అమ్మే ప్రతి సాఫ్ట్‌వేర్‌కీ లోపలి భాగాల పూర్తి జాబితా ఇవ్వమని కస్టమర్లు అడుగుతున్నారు, ఇస్తున్నాం. ఒక మొబైల్ యాప్‌కి అడిగే జాబితా, తాగే నీళ్ళ కింద పంపే ద్రవానికి అడిగితే వ్యాపార రహస్యమట.

అలాగని పేరు ఒక్కటే చెప్తే చాలదు. 2011లో ఒక సదస్సులో హాలిబర్టన్ సీఈఓ తన అధికారి ఒకరిచేత ఫ్రాకింగ్ ద్రవాన్ని తాగించాడు. ఆ ద్రవం ఆహార పరిశ్రమలో వాడే దినుసులతో ప్రత్యేకంగా తయారు చేసినది. "ఐస్‌క్రీముల్లో వేసే గువారే కదా" అని చెప్పడం కూడా పేరు చెప్పడమే, కానీ పదిలో ఒకటి చెప్పి తొమ్మిది మింగడం. పేరుతో పాటు పరిమాణం, దాంతో పాటు చోటు కూడా కావాలి.

చోటు ఎందుకంటే, 2014 జనవరి 9 గుర్తు చేసుకోండి. అమెరికాలో బొగ్గు రాష్ట్రం వెస్ట్ వర్జీనియా. బొగ్గు పొడిని నీళ్ళలో కలిపి, నురగ తెప్పించే మందు వేసి చిలికితే బొగ్గు రేణువులు నురగతో తేలతాయి, మట్టి అడుక్కి పోతుంది. ఆ మందుల్లో ఒకటి 4-మిథైల్‌సైక్లోహెక్సేన్‌మెథనాల్. చార్ల్‌స్టన్ నగరంలో ఫ్రీడం ఇండస్ట్రీస్ అనే కంపెనీ ట్యాంకుకి చిల్లు పడి దాదాపు 38 వేల లీటర్లు ఎల్క్ నదిలో కలిసింది. నీటి శుద్ధి కేంద్రం అక్కడికి కాస్త దిగువనే. మూడు లక్షల మందికి కుళాయి నీళ్ళు తాగొద్దు, వండొద్దు, స్నానం చేయొద్దు అన్నారు. జనం దాన్ని మొదట గుర్తుపట్టింది వాసనతో. లికోరిస్ వాసన, అంటే మన అతిమధురం. దాని భద్రతా పత్రంలో చాలా గళ్ళలో "సమాచారం లేదు" అనే ఉంది. ఆ ట్యాంకులో ఇంకో రసాయనం కూడా ఉందని కంపెనీ చెప్పింది పన్నెండు రోజుల తర్వాత. అప్పటికే దివాలా పిటిషన్ కూడా వేసేసింది.

"ఇదంతా అమెరికా గోల, మనకెందుకు?" అంటారు. నిజమే, సిద్దిపేట కింద గ్రానైటు, ఇక్కడ ఫ్రాకింగ్ చేయడానికి షేల్ లేదు. కానీ నీళ్ళు జిల్లా సరిహద్దులు చూసుకుని పారవు. మా రంగనాయకసాగర్, మల్లన్నసాగర్, కొండపోచమ్మసాగర్‌లకి వచ్చేది రామగుండం దగ్గరి ఎల్లంపల్లి నుంచి ఎత్తిపోసే గోదావరి. హైదరాబాద్‌లో కూర్చుని ఇది చదువుతున్నవాళ్ళలో చాలామంది తాగేదీ ఎల్లంపల్లి నుంచి మా జిల్లా మీదుగా పైపుల్లో వచ్చే ఆ గోదావరే. ఆ నది పక్కనే సింగరేణి బొగ్గు గనులు. బొగ్గుపొరల్లోని మీథేన్ కోసం కేంద్రం ఇచ్చిన బ్లాకుల్లో గోదావరి లోయది కూడా ఉంది. ఆ మీథేన్ తీసే బావుల్లోనూ మామూలుగా ఫ్రాకింగే చేస్తారు. 2013 అక్టోబర్లో ఓఎన్‌జీసీకి, ఆయిల్ ఇండియాకి షేల్ వెతకడానికి అనుమతి దొరికింది. షేల్ ఉంటుందని గుర్తించిన చోట్లలో కృష్ణా-గోదావరి బేసిన్ ఒకటి. 2018లో ఆ తలుపు ప్రైవేటు కంపెనీలకీ తెరుచుకుంది. ముప్పు వచ్చి కూర్చుందని భయపెట్టడం లేదు. రాకముందే అడగాల్సిన ప్రశ్నల్ని వచ్చాక అడిగితే జవాబు చెప్పేవాడుండడని మాత్రం అంటున్నాను.

పేరు పెడితే ఏమవుతుందో చూడ్డానికి దూరం పోనక్కర్లేదు. 2016లో జిల్లాలు విడిపోక ముందు సిద్దిపేటా, పటాన్‌చెరూ ఒకే మెదక్ జిల్లా. పటాన్‌చెరు రైతులు దశాబ్దాలపాటు నక్కవాగు చూపించి, పాడైన పొలాలు చూపించి, కోర్టులకెక్కి చెప్పారు. ప్రపంచం వినలేదు. 2007లో స్వీడన్ పరిశోధకులు అక్కడి ఉమ్మడి శుద్ధి కేంద్రం నుంచి బయటికొచ్చే నీళ్ళు పరీక్షించి ఒక పేరు, ఒక అంకె ప్రకటించారు. సిప్రోఫ్లాక్సాసిన్, లీటరుకి 31 మిల్లీగ్రాముల దాకా. ఆ మాత్ర వేసుకున్న రోగి రక్తంలో ఉండేదాని కంటే ఎక్కువ. యాంటీబయాటిక్‌లకు లొంగని బాక్టీరియా గురించి ఎక్కడ చర్చ జరిగినా పటాన్‌చెరు పేరు రావడం అప్పట్నుంచే మొదలైంది. రైతులు చెప్పింది అంతకుముందూ నిజమే. కానీ "విషం" అన్నప్పుడు తప్పించుకున్నవాళ్ళకి, పేరూ అంకే వచ్చాక తప్పించుకునే దారి ఇరుకైంది.

2020 మే 7 తెల్లవారుజామున విశాఖలో ఎల్‌జీ పాలిమర్స్ నుంచి గ్యాసు లీకై 12 మంది చనిపోయారు. సాయంత్రానికి స్టైరీన్ అనేది తెలుగు మాటైపోయింది. పేరు తెలిశాకే అసలు ప్రశ్నలు పుట్టాయి. స్టైరీన్ చల్లగా ఉండాలి కదా, ట్యాంకు ఎందుకు వేడెక్కింది? అది గడ్డకట్టకుండా టీబీసీ కలుపుతుండాలి కదా, సరిపడా ఉందా? "విషవాయువు" అనే మాటలోంచి ఈ ప్రశ్నలు పుట్టవు. దాన్లోంచి కన్నీళ్ళు మాత్రమే వస్తాయి. బాధేంటంటే, ఆ పేరు మనకి తెలియడానికి పన్నెండు ప్రాణాలు పోవాల్సి వచ్చింది.

"కవిత్వం ల్యాబు రిపోర్టు కాదు" అని ఒక మిత్రుడు నాతో గొడవపడ్డాడు. కాదు, ఒప్పుకుంటాను. కానీ రేచెల్ కార్సన్ 1962లో 'సైలెంట్ స్ప్రింగ్' రాసినప్పుడు డీడీటీ, డైఎల్‌డ్రిన్, పారథయాన్ అని ఒక్కోదాన్నీ పేరు పెట్టి పిలిచింది. అది సాహిత్యమూ అయింది, డీడీటీ నిషేధానికి దారీ వేసింది. అంతదూరం ఎందుకు, మన గని కార్మికుల కథలే చూడండి. ఫిల్లరు, టబ్బు, షాట్ ఫైరరు అనే మాటలు లేకుండా అవి బతికేవా? పని పేరుతో రాసినవాళ్ళం, ఆ పని వాడే మందు పేరు దగ్గరికొచ్చేసరికి ఎందుకు సిగ్గుపడతాం?

మా ఊరి పత్తి రైతుని అడగండి. అన్నిటినీ కలిపి "మందు" అంటాడు కానీ, ఏ మందో అడిగితే మోనోక్రోటోఫాస్‌ని "మోనో" అని ముద్దుపేరుతో సహా చెప్తాడు. ఎకరానికి ఎన్ని మిల్లీలీటర్లో చెప్తాడు. ఏ దుకాణంలో కొన్నాడో కూడా చెప్తాడు. పేరు, పరిమాణం, చోటు, మూడూ. మన కవి దగ్గర మూడిట్లో ఒక్కటీ లేదు. "రసాయనం" అనే మాట ఆయుర్వేదంలో ఆయుష్షు పెంచే మందు. ఆ మాటని తిట్టుగా మార్చేసి, తిట్టేసి, పని అయిపోయిందనుకున్నాం.

చట్టం కూడా పూర్తిగా మూసుకోలేదు. అమెరికాలో ఆ సందు తెరుచుకున్న 2005లోనే మనకి సమాచార హక్కు చట్టం వచ్చింది. సెక్షన్ 8(1)(డి) వ్యాపార రహస్యాల్ని దాచుకోనిస్తుంది, నిజమే. కానీ విస్తృత ప్రజాప్రయోజనం ఉంటే బయటపెట్టవచ్చని అదే సెక్షన్ అంటుంది. ప్రమాదకర రసాయనాలకి భద్రతా పత్రం ఉండాలని 1989 నియమాలు చెప్తున్నాయి. అడగడానికి తలుపుంది. అయితే దరఖాస్తులో "విషం వివరాలు ఇవ్వగలరు" అని రాస్తే గుమాస్తా నవ్వుతాడు. "గ్లుటరాల్డిహైడ్, ఎన్ని లీటర్లు, ఏ బావిలో, ఏ తేదీన" అని రాస్తే వెతకాల్సి వస్తుంది.

కాబట్టి రాసేవాళ్ళకి నాదొక మొరటు సూచన. మీ తర్వాతి కవితలో "విషం" అనే మాట వస్తే అక్కడ ఆగండి. దాని పేరేంటో వెతకండి. దొరికితే ఆ పేరు పెట్టండి, ఛందస్సు చెడితే చెడనివ్వండి. దొరక్కపోతే, దాన్ని ఎవరు దాచారో వాళ్ళ పేరు పెట్టండి.