గుర్రానికి లారీయా, ట్రైలరా?

ఈ నెల ప్రశ్న వర్జీనియా రాష్ట్రంలోని హెర్న్‌డన్ నుంచి వచ్చింది. డర్బన్ నుంచి వచ్చి అక్కడ స్థిరపడిన ఒక తల్లి రాశారు. వాళ్ళ అమ్మాయికి 16 ఏళ్ళు. గుర్రపు స్వారీ నేర్చుకుంది. ఇప్పుడు తనకు సొంత గుర్రం ఉంది. దాన్ని ఊరి బయట ఒక లాయంలో ఉంచారు. లాయం అంటే గుర్రాలను కట్టే చోటు.

"డర్బన్‌లో గుర్రాలను లారీలో తీసుకెళ్ళడం చూశాను. ఇక్కడ అందరూ ట్రైలర్ కొనమంటున్నారు. మా ఆయనకు ఒక పాత లారీ నచ్చింది. అమ్మాయి ట్రైలర్ కావాలంటోంది. ఇంట్లో రోజూ ఇదే వాదన. ఏది మంచిది?" అని ఆమె అడిగారు.

ముందు మాటలు సరి చూసుకుందాం. లారీలో ఇంజనూ గుర్రం నిలబడే గదీ ఒకే బండిలో ఉంటాయి. అమెరికాలో దీన్ని హార్స్ వ్యాన్ అంటారు. ట్రైలర్‌కు ఇంజన్ ఉండదు. దాన్ని ఇంకో బండి లాగాలి. ఆస్ట్రేలియాలో ఈ ట్రైలర్‌నే ఫ్లోట్ అంటారు. కాబట్టి బంధువులతో ఫోన్‌లో మాట్లాడేటప్పుడు ఎవరు దేన్ని ఏమంటున్నారో అడిగి తెలుసుకోండి.

నా జవాబు ముందే చెబుతాను. హెర్న్‌డన్‌లో ఒకటి రెండు గుర్రాలున్న ఇంటికి ట్రైలరే మంచిది. కానీ దాన్ని లాగే బండి సరైనదైతేనే. సరైన బండి లేకపోతే ట్రైలర్ కంటే మంచి లారీయే నయం. ఎందుకో చూద్దాం.

హెర్న్‌డన్ ఇప్పుడు ఆఫీసుల ఊరు. పక్కనే డల్లస్ విమానాశ్రయం ఉంది. అయినా గుర్రం ఇక్కడ వింత కాదు. వెస్ట్ ఆక్స్ రోడ్డు మీద ఫ్రైయింగ్ పాన్ ఫార్మ్ పార్క్ ఉంది. అక్కడ స్వారీకి ఆవరణలు ఉన్నాయి. పైకప్పు ఉన్న మైదానం కూడా ఉంది. ఊరి మధ్య నుంచి డబ్ల్యూ అండ్ ఓడీ బాట పోతుంది. అది ఒకప్పటి రైలు దారి. 1968లో ఆ రైలు ఆగిపోయింది. ఇప్పుడు మనుషులు నడిచే దారి పక్కనే చాలా మైళ్ళు గుర్రాలకు వేరే బాట ఉంది. పడమటికి వెళితే లీస్‌బర్గ్, మిడిల్‌బర్గ్, అప్పర్‌విల్ వస్తాయి. అప్పర్‌విల్‌లో గుర్రాల ప్రదర్శన 1853లో మొదలైంది. అంటే మన వాళ్ళ మొదటి ఓడ నటాల్ చేరడానికి ఏడేళ్ళ ముందు.

ఈ చోట్లన్నీ దగ్గర దగ్గరగానే ఉన్నాయి. ప్రయాణం చాలాసార్లు గంట లోపే. ఇంత చిన్న ప్రయాణాల కోసం ఒక లారీని పోషించాలా? మనకు ఒక సామెత ఉంది: గుర్రం గుడ్డిదైనా దాణాకు తక్కువ లేదు. దాణా అంటే గుర్రానికి పెట్టే గింజల మేత. మన ఊళ్ళలో ఉలవలు ఉడకబెట్టి పెట్టేవారు. పని చేయకపోయినా గుర్రం తినక మానదు. లారీ కూడా అంతే. నెలకు రెండుసార్లు కదిలినా దానికి ఇన్సూరెన్సు కావాలి, తనిఖీ కావాలి, నిలపడానికి చోటు కావాలి. వాడకుండా ఉంచితే బ్యాటరీ దిగిపోతుంది, బ్రేకులు తుప్పు పట్టి బిగుసుకుంటాయి. ట్రైలర్‌కు కూడా ఖర్చు ఉంటుంది. కానీ అందులో ఇంజన్ లేదు. లాగే పికప్ బండి మిగతా రోజుల్లో ఇంటి పనికి వస్తుంది. రోజూ నడిపే బండిలో చిన్న తేడా వచ్చినా చెవికి తెలుస్తుంది.

ఇక లారీ మంచితనం కూడా చెప్పాలి. లారీని నడపడం, వెనక్కి తీయడం సులువు. ట్రైలర్‌ను వెనక్కి తీసేటప్పుడు స్టీరింగ్ ఒక వైపు తిప్పితే ట్రైలర్ ఇంకో వైపు పోతుంది. అది నేర్చుకోవాలి. ట్రైలర్ ఊగుతుంది, లారీలో ఆ భయం లేదు. ట్రైలర్‌ను తగిలించేటప్పుడు ఒక పిన్ను మరిచిపోయినా ప్రమాదమే. లారీలో తగిలించే పనే లేదు. డల్లస్ టోల్ రోడ్డు మీద ఇరుసుల లెక్కన డబ్బు తీసుకుంటారు. ఇరుసు అంటే రెండు చక్రాలను కలిపే కడ్డీ. చిన్న లారీకి రెండు ఇరుసులు, పికప్‌కూ ట్రైలర్‌కూ కలిపి నాలుగు. నాలుగైదు గుర్రాలతో ప్రతి వారం పోటీలకు తిరిగేవారికి లారీ తగిన బండే. వాళ్ళు గుడ్డి గుర్రానికి దాణా పెట్టడం లేదు.

ఇప్పుడు బరువు లెక్క చూద్దాం. కాగితం తీసుకోండి. సవారీ గుర్రం సుమారు 1,100 పౌండ్లు, అంటే 500 కిలోలు. రెండు గుర్రాలైతే 2,200. రెండు గుర్రాల ట్రైలర్ ఖాళీగా 3,200 పౌండ్లు ఉందనుకుందాం. జీను, గడ్డి, 20 గ్యాలన్ల నీళ్ళు కలిపి 400. నీళ్ళే 167 పౌండ్లు తూగుతాయి. మొత్తం 5,800 పౌండ్లు, అంటే సుమారు 2,630 కిలోలు. 5,000 పౌండ్లు మాత్రమే లాగగల కుటుంబ కారుకు ఇది తగదు. "మెల్లగా నడుపుతాను" అంటే బరువు తగ్గదు.

ఇంకో లెక్క కూడా ఉంది. ఈ రకం ట్రైలర్ ముందు కొన, లాగే బండి వెనుక కొక్కెం మీద కూర్చుంటుంది. మొత్తం బరువులో 10 నుంచి 15 శాతం అక్కడ పడాలి. మన లెక్కలో అది 580 నుంచి 870 పౌండ్లు. అంతకంటే తక్కువ పడితే ట్రైలర్ ఊగుతుంది. ఎక్కువ పడితే లాగే బండి వెనుక భాగం కుంగి, ముందు చక్రాలకు పట్టు తగ్గుతుంది. ఈ బరువునూ, కారులో కూర్చున్న మనుషుల బరువునూ కలిపి బండి మోయగలదా అని చూడాలి. ఆ అంకె డ్రైవర్ తలుపు దగ్గర అంటించిన కాగితం మీద ఉంటుంది. అమ్మేవాడు చెప్పిన అంకెను కాదు, ఆ కాగితాన్ని నమ్మండి.

లాగడం ఒక ఎత్తు, ఆపడం ఇంకో ఎత్తు. ట్రైలర్‌కు సొంత బ్రేకులు ఉండాలి. లాగే బండిలో ఆ బ్రేకులను నడిపే పరికరం ఉండాలి. ట్రైలర్ ఊడిపోతే దానంతటదే బ్రేకు పడే ఏర్పాటు ఉండాలి. అడ్డంగా కట్టే రెండు గొలుసులు ఉండాలి. పాత ట్రైలర్ అయితే నేల మీది రబ్బరు చాపను ఎత్తి చూడండి. గుర్రం మూత్రంతో కింది చెక్క పుచ్చిపోతుంది. పైకి రంగు మెరుస్తూ ఉంటుంది, కింద చెక్క మెత్తగా ఉంటుంది. టైర్ల వయసు కూడా చూడండి. టైరు మీద నాలుగు అంకెలు ఉంటాయి. 2319 అని ఉంటే అది 2019లో 23వ వారంలో తయారైంది. అరగకపోయినా ముసలి టైరు పగులుతుంది.

చట్టం మాట కూడా ఒకటి. ట్రైలర్ పూర్తి అనుమతి బరువు 10,000 పౌండ్లు దాటి, లాగే బండితో కలిపి 26,001 పౌండ్లకు చేరితే అమెరికాలో కమర్షియల్ లైసెన్సు ప్రశ్న వస్తుంది. ఒంటి లారీ అయినా 26,001 పౌండ్లకు చేరితే అదే ప్రశ్న. రెండు గుర్రాల ట్రైలర్ అంత దూరం పోదు. పెద్ద లారీ పోవచ్చు. డర్బన్ పాఠకులకు లెక్క వేరు. అక్కడ 750 కిలోలు దాటిన ట్రైలర్‌కు ఈబీ లైసెన్సు, 3,500 కిలోలు దాటిన లారీకి సీ1 లైసెన్సు కావాలి. ఇంకో కాగితం గుర్రానిది. వర్జీనియాలో ప్రదర్శనకు తీసుకెళ్ళే గుర్రానికి 12 నెలల లోపు చేసిన కాగిన్స్ రక్తపరీక్ష ఉండాలి. దాని నకలు బండిలోనే పెట్టుకోండి.

ఇంతవరకు చెప్పినవన్నీ మంచి రోజుల మాటలు. నా జవాబుకు అసలు కారణం చెడ్డ రాత్రి.

గుర్రాలకు వచ్చే కడుపునొప్పిని కోలిక్ అంటారు. గుర్రానికి వాంతి రాదు. అందుకే దానికి కడుపునొప్పి ప్రాణాల మీదికి రావచ్చు. కొన్నిటికి వెంటనే ఆపరేషన్ కావాలి. హెర్న్‌డన్ వాళ్ళ అదృష్టం, లీస్‌బర్గ్‌లో మారియన్ డుపాంట్ స్కాట్ గుర్రాల ఆసుపత్రి ఉంది. అది వర్జీనియా టెక్ విశ్వవిద్యాలయానిది. రాత్రీ పగలూ అత్యవసర వైద్యం చేస్తారు. దూరం సుమారు 15 మైళ్ళు. కానీ ఆ 15 మైళ్ళు గుర్రం నడవలేదు.

రాత్రి రెండు గంటలకు మీ లారీ స్టార్ట్ కాలేదనుకోండి. ఇంజనూ గదీ ఒక్కటే కాబట్టి గుర్రం అక్కడే ఆగిపోతుంది. మీ పికప్ స్టార్ట్ కాకపోతే? లాయంలో ఇంకొకరిని లేపవచ్చు. తగిన కొక్కెం, బ్రేకు పరికరం ఉన్న ఏ పికప్ అయినా మీ ట్రైలర్‌ను లాగగలదు. రోడ్డు మీద ఆగినా అంతే. పికప్‌ను మార్చవచ్చు, గుర్రాన్ని దించక్కరలేదు. హైవే పక్కన చీకట్లో గుర్రాన్ని కిందికి దించడం కంటే ప్రమాదం ఇంకొకటి లేదు. హెర్న్‌డన్ చుట్టూ చాలామంది దగ్గర పికప్‌లు ఉన్నాయి కాబట్టే ఇక్కడ ట్రైలర్ అంటున్నాను. చుట్టూ అందరి దగ్గర లారీలే ఉన్న ఊళ్ళో ఇంకో జవాబు చెప్పేవాణ్ణి.

కానీ ఏ బండి కొన్నా గుర్రం ఎక్కాలి కదా. గుర్రానికి ఇరుకు చోటంటే భయం. పని లేని రోజుల్లో ఎక్కించి, కొంచెం దాణా పెట్టి, దించండి. తొందర పడకండి. జబ్బు రాత్రి పాఠం చెప్పలేం. ట్రైలర్‌లో ఒకే గుర్రం ఉంటే డ్రైవర్ వైపు నిలబెట్టండి. రోడ్డు అంచు వైపు వాలుగా ఉంటుంది, అందుకని. అమెరికాలో అది ఎడమ వైపు, డర్బన్‌లో కుడి వైపు. దూర ప్రయాణంలో మూడు నాలుగు గంటలకు ఒకసారి ఆగి నీళ్ళు చూపించండి. తల పైకి ఎత్తి బిగించి కట్టకండి. గుర్రం తల దించితేనే గొంతులోని దుమ్ము బయటికి పోతుంది. గంటల తరబడి తల ఎత్తి ఉంచితే ఊపిరితిత్తులకు జబ్బు చేస్తుంది.

గుర్రాన్ని దూరం నుంచి తేవడం తెలుగు నేలకు కొత్త కాదు. కాకతీయుల కాలంలో మంచి గుర్రాలు ఓడల్లో వచ్చేవి. బాపట్ల జిల్లా తీరంలోని మోటుపల్లిలో గణపతిదేవుడు 1244–45లో వేయించిన శాసనం ఉంది. తుఫానుకు దెబ్బతిని ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల్లోని బంగారం, ఏనుగులు, గుర్రాలు, రత్నాలు మునుపటి రాజులు లాక్కునేవారని అందులో ఉంది. తాను సుంకం తప్ప ఏమీ తీసుకోనని ఆయన వర్తకులకు అభయం ఇచ్చాడు. అభయం అంటే "భయపడకు" అనే మాట. ఆ అభయం వర్తకుడికి దొరికింది. ఓడ అడుగున నిలబడ్డ గుర్రానికి ఎవరు చెప్పారు?

1860 అక్టోబర్ 12న మద్రాసులో బయలుదేరిన ట్రూరో ఓడ నవంబర్ 16న డర్బన్ చేరింది. ఎక్కించిన వాళ్ళకు దారి తెలుసు. ఎక్కిన వాళ్ళకు తెలియదు. ఈ సంగతి మన ఇళ్ళలో ఎవరికీ వివరించక్కరలేదు. అందుకే నాకు ఏ బండి అనే ప్రశ్న కంటే ఎక్కేదానికి ఎలా ఉంటుంది అనే ప్రశ్న పెద్దదిగా కనిపిస్తుంది.

కాబట్టి హెర్న్‌డన్ అమ్మగారూ, ఈ వారం మీ ఇంట్లో వాదన ఆపి ఒక పని చేయండి. మీ వారు నచ్చిన లారీ బరువు కాగితం తీసుకురావాలి. మీ అమ్మాయి ట్రైలర్ లెక్క రాయాలి. ఇద్దరూ ఒకే ప్రశ్నకు జవాబు చెప్పాలి: "రాత్రి రెండు గంటలకు దీన్ని ఎవరు నడుపుతారు? అది కదలకపోతే ఎవరిని పిలుస్తాం?" పేర్లు చెప్పగలిగిన వాళ్ళ మాట వినండి.

ఈ నెల మాటలు: లాయం, దాణా, ఉలవలు, జీను, ఇరుసు, కొక్కెం, అభయం. ఒక్కో మాటతో ఒక వాక్యం తయారు చేసి ఇంట్లో పెద్దవాళ్ళకు వినిపించండి. వాళ్ళు వేరే మాట వాడితే దాన్ని రాసి మాకు పంపండి.